తెరా, తలుపా

ఆ ఇంట్లోకి మూడు కొటేషన్లు లేకుండా చీపురుకట్ట కూడా రాదు.

ఇంటాయన ఉద్యోగమంతా ఒక ఫ్యాక్టరీలో కొనుగోళ్ల మేనేజరుగా చేశాడు. బోల్టులు గానీ, బేరింగులు గానీ, కార్మికుల చేతి తొడుగులు గానీ, ఏది కొనాలన్నా ముగ్గురి దగ్గర కొటేషన్లు తెప్పించి పక్కపక్కన పెట్టి చూడకుండా సంతకం పెట్టేవాడు కాదు. ఉద్యోగం అయిపోయినా అలవాటు పోలేదు. అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ నుంచి అధ్యక్షుడి దాకా అందరికీ ఆయన ఇంకా మేనేజరుగారే. ఇంట్లో ఫ్రిజ్జు కొనాలంటే మూడు కంపెనీలు, పన్ను పీకించుకోవాలంటే ముగ్గురు డాక్టర్లు, కూతురికి పెళ్లి చెయ్యాలంటే మూడు సంబంధాలు. అయితే ఆ మూడింటినీ పోల్చి చూసే పని ఆయనది కాదు, భార్యది. ఫ్యాక్టరీలో ఆ పనికి ఆయన కింద ఇద్దరు గుమస్తాలుండేవారు. ఇంట్లో ఆవిడ ఒక్కతే సరిపోయేది.

సరిపోవడమే కాదు, ఆ గుమస్తాల్ని మించిపోయింది. కాలేజీలో లెక్కలు చదువుకున్న మనిషి. చేతికి ఏ కాగితం ఇచ్చినా అందులో చిల్లు ఎక్కడుందో చూపించి ఇచ్చేది. "పరిశీలన మా ఆవిడది, నిర్ణయం మేనేజ్‌మెంటుది" అని మేనేజరుగారు వచ్చినవాళ్లందరితో అని నవ్వేవాడు. వచ్చినవాళ్లూ నవ్వేవారు. ఆవిడ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

ఒక రోజు పొద్దున్న నడకకి వెళ్లొచ్చి, బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడి, "ఇదిగో, మనం ఓడెక్కుతున్నామోయ్" అన్నాడు.

సంగతేమిటంటే, ఒకప్పుడు ఫ్యాక్టరీకి స్టీలు సరఫరా చేసి, ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషి ఈమధ్య భార్యతో ఓడ ప్రయాణం చేసి వచ్చాడట. పార్కులో అందరినీ ఆపి ఫోన్లో ఫొటోలు చూపిస్తున్నాడట.

"ఊరంత ఓడ! నాలుగువేల మంది జనం! కాఫీకి లైను, కుర్చీకి లైను. అదీ ఒక ప్రయాణమేనా? మనం చిన్న ఓడలో వెళ్దాం. రెండొందల మందికి మించి ఎక్కించుకోనివి ఉంటాయిట. అన్నీ ఖరీదైనవే. గదులుండవు, అన్నీ సూట్లే. ఒక్కో సూటుకీ ఒక మనిషిని పెడతారట. ఎప్పుడు పిలిచినా పలుకుతాడట."

"అది మీకేం కొత్త?" అంది ఆవిడ.

"ఏంటి?"

"ఏం లేదు. మూడు చూడమంటారు, అంతేగా?"

"మూడు చాలు. మన పెళ్లయి ముప్ఫయ్యేళ్లయింది, మంచివే చూడు" అని బూట్లు విప్పుకున్నాడు.

మొదటి రెండు రోజులూ ఆవిడ ఆ పని వంటింట్లో డబ్బాలు తుడిచినట్టే చేసింది. మూడు కంపెనీల పుస్తకాలు వచ్చాయి. మొదటిదానికి మనసులో తెల్ల ఓడ అని పేరు పెట్టుకుంది, అట్టంతా తెలుపే కాబట్టి. రెండోది నీలం గీత ఓడ. మూడోదానికి నిజంగానే తెరచాపలున్నాయి. ఇంజను ఉండగా అవెందుకో ఎవరూ రాయలేదు. మూడింటిలోనూ ఫొటోల నిండా మంచాలే, మంచాల నిండా దిండ్లే. మనుషులు మాత్రం ఎక్కడా లేరు.

తెల్ల ఓడవాళ్లు తమ సూటు మూడొందల చదరపు అడుగులని గొప్పగా వేసుకున్నారు. అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, బాల్కనీతో కలిపి అని ఉంది. బాల్కనీ తీసేస్తే మిగిలేది తమ పడగ్గది, దానికి ఒక బీరువా పట్టే చోటు అదనం. ఫ్లాటు కొన్నప్పుడు బిల్డరు కూడా ఇలాగే మెట్లనీ లిఫ్టునీ వీళ్ల ఇంట్లో కలిపేసి లెక్క కట్టాడు. అప్పుడూ పట్టుకున్నది ఆవిడే. తెరచాప ఓడలో అసలు బాల్కనీలే లేవు, పళ్లెమంత గుండ్రటి కిటికీలున్నాయి. దానికి "సముద్రంతో మీ సాన్నిహిత్యం" అని శీర్షిక పెట్టారు. కిటికీ చిన్నదయ్యేకొద్దీ సాన్నిహిత్యం ఎలా పెరుగుతుందో ఆవిడకి అంతు పట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నీలం గీత ఓడ ప్లాను చూస్తుంటే ఒక చోట వేలు ఆగిపోయింది. ఓడ ముందు భాగంలో ఉన్న నాలుగు సూట్లలో పడగ్గదికీ ముందు గదికీ మధ్య సన్నటి గీత ఉంది. ఆ గీత కొసన పావు చక్రం గీసి ఉంది. ఇంటి ప్లాన్లలో తలుపుకి అదే గుర్తు, అది ఎటు తెరుచుకుంటుందో చెప్పడానికి అలా గీస్తారు. ఆవిడ గబగబా మిగతా రెండు పుస్తకాలూ తెరిచింది. అక్కడ అదే చోట చుక్కల గీత ఉంది. చుక్కల గీత అంటే తెర.

మళ్లీ నీలం గీత పుస్తకం తీసి, పావు చక్రం మీద వేలు పెట్టి, కుక్కరు కూత పెడుతున్నా లేవకుండా కూర్చుంది.

ఆ ఇంట్లో తలుపులు వేసుకోరు. స్నానాలగది తప్ప మరే తలుపూ పగలు గానీ రాత్రి గానీ మూతపడదు. అది అత్తగారు పెట్టిన పద్ధతి. "మనలో మనకి దాపరికాలేంటర్రా?" అనేది ఆ పెద్దావిడ. కొత్త కాపురంలో కూడా పడగ్గది తలుపు దగ్గరగా వేసి, కొట్టుకోకుండా అడ్డంగా పీట పెట్టేవారు. అత్తగారు పోయి చాలాకాలమైంది గానీ పద్ధతి ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు మేనేజరుగారికి ఆఫీసు కూడా లేదు కాబట్టి రోజంతా ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతూ ఉంటాడు. ఆవిడ పుస్తకం చదువుకుంటుంటే వస్తాడు, చీర మార్చుకుంటుంటే వస్తాడు, ఏమీ చెయ్యకుండా కూర్చుని ఉంటే మరీ వస్తాడు. "ఏంటలా ఉన్నావ్?" అంటాడు. ఎలా ఉందో చెప్పిందాకా వదలడు.

ఒకే ఒక్కసారి ఆవిడ గడియ వేసుకుంది. తల్లి పోయి, పుట్టింటి నుంచి తిరిగొచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం. మంచం మీద కూర్చుని ఇంకా కళ్లలో నీళ్లయినా తిరగకముందే తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. ముందు మొగుడు, వెనక అత్తగారు, ఆ వెనక ఆడపడుచు. "ఏమైంది? ఒంట్లో బాగాలేదా? పొయ్యి కట్టేశావా?" తలుపు తీస్తే ముగ్గురూ దొంగని పట్టుకున్నట్టు నిలబడి ఉన్నారు. అప్పుడు ఆడపడుచు చేతులు తిప్పుతూ, "రాణీవాసం కావాల్సొచ్చిందా అమ్మాయ్ నీకు?" అంది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. "మా రాణీవాసం ఏమంటుందో" అని మేనేజరుగారు నలుగురిలో అంటాడు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆయనకి అది ముద్దు. ఆవిడ మాత్రం ఆ తర్వాత తలుపు మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ పావు చక్రం చూశాక ఆవిడకి తెలిసొచ్చింది. తనకి కావలసింది ఓడా కాదు, సముద్రమూ కాదు. పది రోజుల పాటు ఒక తలుపు, దానికి ఇవతల తనొక్కతే. ఇంట్లో తలుపు వేసుకుంటే జవాబు చెప్పుకోవాలి. ఓడలో అక్కర్లేదు. ఆయన రాత్రి పొద్దుపోయేదాకా టీవీ ముందు కూర్చుంటాడు, ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదని లోపలికి వెళ్లి వేసుకుంటే ఎవరూ కాదనలేరు. పగలు ఆయన డెక్కు మీద తిరగడానికి వెళ్తాడు. అప్పుడూ వేసుకోవచ్చు.

అప్పటినుంచి ఆ పని డబ్బాలు తుడిచినట్టు చెయ్యలేదు. టేపు తెచ్చి కొలిచి, హాలు నేల మీద పాత పేపర్లు పరిచి, నీలం గీత ఓడ సూటుని ఉన్నదున్నట్టు దింపింది. మంచం ఎక్కడ, అల్మారా ఎక్కడ, తలుపు ఎటు తెరుచుకుంటుంది, తెరిచినప్పుడు మంచం కోడుకి తగులుతుందా లేదా, అన్నీ చూసుకుంది. తగలదు. పేపర్ల మధ్య నిలబడి, తలుపు ఉండవలసిన చోట చెయ్యి చాపి, ముందుకి లాగినట్టు చేసింది. తన చేష్టకి తనకే నవ్వొచ్చింది.

"ఏంటోయ్ ఇదంతా? పాతపేపర్లవాడు వస్తున్నాడా?" అంటూ మేనేజరుగారు వచ్చాడు.

"సూటండీ. మీరు నిలబడింది బాత్‌రూంలో."

ఆయన ఒక కాలు పైకెత్తాడు. "మరిది?"

"అది మంచం. అటు రాకండి, అటు గోడ. ఇదిగో, ఇక్కణ్ణుంచి రావాలి."

అప్పటికే ఆయన గోడలోంచి వచ్చేశాడు. "ఏదీ గోడ? ఏదీ?" అని ఫ్యాను గాలికి ఎగురుతున్న పేపరుని కాలితో తొక్కిపెట్టి, ఆవిడ పడగ్గదిలో నడిచి, టీవీ రిమోటు తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆవిడ ప్రయాణాల ఏజెన్సీకి తనే వెళ్లింది. అద్దాల గది, మూడు బల్లలు. మధ్య బల్ల దగ్గర ఉన్న అమ్మాయికి జలుబు చేసి ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. వెనక గోడ మీద ఎండలో మెరిసే సముద్రం పోస్టరు, దాని కిందే ఆ అమ్మాయి తుమ్ముతోంది.

"చెప్పండి మేడమ్. భోజనాల సంగతా, వైఫై సంగతా? అందరూ అవే అడుగుతారు."

"ఇది తెరా, తలుపా?" ప్లాను ముందుకి జరిపి వేలు పెట్టింది ఆవిడ.

"ఏది మేడమ్?"

"ఈ గీత. పావు చక్రం ఉంది కాబట్టి తలుపే అయుండాలి. కానీ బొమ్మ గీసినవాళ్లకి ఓడలో ఏముందో తెలియకపోవచ్చు. కనుక్కుని చెప్పండి."

అమ్మాయి కంపెనీకి ఫోన్ చేసింది. చాలాసేపు ఫోన్లో ఏదో సంగీతం వినిపించింది. దాన్ని వింటూనే రెండుసార్లు తుమ్మింది. చివరికి అవతల ఎవరో పలికారు.

"తలుపేనట మేడమ్. చెక్క తలుపు."

"గడియ ఉందా?"

అడిగింది. "ఉందట."

"ఏ వైపు?"

అమ్మాయి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది. ఏదో అడగబోయి మానేసి, మళ్లీ ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది. "పడగ్గది వైపేనట మేడమ్. లోపల్నుంచి వేసుకునేది." ముక్కు తుడుచుకుని, "కాకపోతే ఆ నాలుగు సూట్లూ ఓడ ముక్కు వైపున్నాయి. చిన్న రేవుల్లో ఒడ్డుకి ఆనే ముందు లంగరు దింపేటప్పుడు గొలుసు చప్పుడు గట్టిగా వినబడుతుందని కొందరు ఫిర్యాదు చేశారు. ముందే చెప్పేస్తే మంచిది కదా" అంది.

"గొలుసు చప్పుడే కదమ్మా. అది తలుపు తోసుకుని లోపలికి రాదుగా" అంది ఆవిడ.

అమ్మాయికి నవ్వు, తుమ్ము ఒకేసారి వచ్చాయి.

ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద మూడు పుస్తకాలూ పరిచి ఆవిడ మేనేజ్‌మెంటు ముందు కూర్చుంది. ఎన్నిసార్లు చేసిన పనో, అయినా ఈసారి పుస్తకాల్ని రెండుసార్లు సర్దింది.

"తెల్ల ఓడకి పేరెక్కువ. కానీ వాళ్లు చెప్పే కొలతలో బాల్కనీ కలిసి ఉంది. మన బడ్జెట్టులో వచ్చే సూట్ల నెత్తిమీద ఈతకొలను ఉంది, తెల్లారకముందే పైన కుర్చీలు ఈడుస్తారు. చిన్న ఊళ్ల దగ్గర ఒడ్డుకి ఆనదు, పడవలోకి దిగి వెళ్లాలి. తెరచాప ఓడ చూడ్డానికి బాగుంటుంది, ఉండటానికి ఇరుకు. నీలం గీత ఓడ సూటు కొలత అందరికంటే చిన్నగా రాశారు గానీ, బాల్కనీ తీసేస్తే అదే పెద్దది. ముందు భాగంలో గొలుసు చప్పుడుంటుంది, అదీ ఎప్పుడో ఒకప్పుడు. పెద్ద లెక్కలోది కాదు."

"అన్నీ ఒకలాగే ఉన్నాయి. దీనికేంటి ప్రత్యేకం?" అన్నాడాయన కలంతో బల్ల మీద కొడుతూ.

అసలు సంగతి నాలుక చివరికి వచ్చింది. రాణీవాసం గుర్తొచ్చి వెనక్కి వెళ్లిపోయింది.

"ముందు గది విడిగా ఉందండీ. మధ్యలో తెర కాదు, తలుపు. మూడింటిలో తలుపున్నది ఇదొక్కటే, మిగతావాటికి తెరే. ఎవరైనా వచ్చి కూర్చుంటే పడక కనబడదు. మీరు ఎంతసేపైనా టీవీ చూసుకోవచ్చు. ముందు గదిలో సోఫా ఉంది, లాగితే మంచమవుతుంది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. దానితో ఆవిడకి పనే లేదు. కానీ ఒక వస్తువు గురించి చెప్పేటప్పుడు ఉన్నది వదిలెయ్యడం ఆవిడకి చేతకాదు. ఫ్రిజ్జుకి తాళం ఉందంటే అక్కర్లేకపోయినా చెప్తుంది, డాక్టరు దగ్గర లిఫ్టు లేకపోతే అదీ చెప్తుంది.

"ముందు గది వేరు, తలుపు, సోఫా మంచం..." మేనేజరుగారు కలం మూత పెట్టాడు. "శభాష్. ఇదే ఖాయం."

ఆ వారమంతా ఆవిడ మనసు తేలిగ్గా ఉంది. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే, "అవునండీ, ఎక్కువే పడింది" అని ఊరుకుంది. ఎప్పుడో కూతురు ఇచ్చినా తను ఇరవై పేజీలు దాటని నవలని బీరువాలోంచి తీసి, దుమ్ము దులిపి, ఓడలోకి తీసుకెళ్లాల్సిన వాటిలో పెట్టింది. అది చదవాలని కూడా కాదు. గడియ వేసుకుని, పుస్తకం పొట్ట మీద బోర్లా పెట్టుకుని, చదవకుండా పడుకోవాలని.

ఆదివారం ఆడపడుచూ ఆమె భర్తా వచ్చారు. ఆడపడుచు మేనేజరుగారికి అక్క, తమ్ముడిల్లు తన ఇల్లే కాబట్టి వచ్చీరాగానే ఫ్రిజ్జు తెరిచి చూస్తుంది, బీరువా తెరిచి ఉంటే అందులోకీ చూస్తుంది. మోకాళ్ల నొప్పులున్నాయి గానీ గుమ్మాలు దాటడానికి అవేమీ అడ్డు రావు. ఆమె భర్త కూర్చున్న చోట పేపరు తెరిస్తే లేచేటప్పుడే మూస్తాడు.

మేనేజరుగారు ఓడ సంగతి మొత్తం చెప్పాడు. ఆవిడ వంటింట్లో కాఫీ కలుపుతూ వింటోంది.

"వెళ్లిరండిరా, హాయిగా వెళ్లిరండి" అంది ఆడపడుచు ఊరంత నిట్టూర్పుతో. "నాకెక్కడ రాసిపెట్టుంది? మీ బావగారికి బకెట్లో నీళ్లు కదిలినా వాంతే."

"వంతెన మీద బస్సు వెళ్తుంటే కళ్లు మూసుకుంటాను నేను" అన్నాడు పేపరు వెనకనుంచి బావగారు.

"బావగారు రాకపోతేనేం? నువ్వు రా అక్కా!"

"ఛ! మొగుడూ పెళ్లాల మధ్య నేనెందుకురా, పానకంలో పుడకలాగా?"

"గది కాదక్కా, సూటు! ముందు గది వేరు, మధ్యలో తలుపుంది. మా ఆవిడ వెళ్లి కనుక్కుని మరీ వచ్చింది. సోఫా లాగితే మంచమవుతుందట."

"నిజంగా? మరి మీ బావగారికి ఎవరు వండిపెడతారు?"

"పది రోజులే కదా, హోటల్నుంచి తెప్పించుకుంటారు."

"హోటలా!" అన్నాడు బావగారు. పేపరు మాత్రం దించలేదు.

ఆవిడ కాఫీలు తెచ్చేసరికి పడకలు పంచుకోవడం కూడా అయిపోయింది.

"అదన్నమాట ఏర్పాటు" అని మేనేజరుగారు భార్యకి వివరించాడు. "అక్క సోఫా మీద పడుకోలేదు, మోకాళ్లు. పైగా బాత్‌రూంకి లోపలి గదిలోంచే దారని నువ్వే చెప్పావు. కాబట్టి అక్కా నువ్వూ లోపల. నేను ముందు గదిలో ఎలాగో సర్దుకుంటాను." సర్దుకుంటానన్నప్పుడు మొహంలో త్యాగం కనిపించింది.

"పాపం, నీ నడుమో?" అంది అక్క.

"పర్లేదక్కా. మీకోసం ఆమాత్రం చెయ్యనా?"

"అయితే ఒకటి. రాత్రిళ్లు నువ్వు టీవీ పెట్టుకుంటావు, నాకు వెలుతురుంటే కన్ను మూతపడదు. మధ్యలో తలుపు వేసుకోరా. నీ గోల మాకెందుకు, మా గోల నీకెందుకు?" తర్వాత ఇటు తిరిగి, "గడియ మాత్రం వెయ్యకమ్మాయ్, నాకు ఊపిరాడదు. మనిద్దరం కబుర్లు చెప్పుకుంటూ పడుకుందాం. ఇన్నేళ్లలో మనం తీరిగ్గా మాట్లాడుకున్నదే లేదు" అంది ఎంతో ఆప్యాయంగా.

ఆవిడ ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. ఈ ఇంట్లో మొట్టమొదటిసారి ఒక మనిషికి తలుపు వేసుకోమని అనుమతి దొరికింది. ఆ మనిషి మేనేజరుగారు. ఆయన అడగను కూడా అడగలేదు.

"లంగరు గొలుసు చప్పుడు వదినా, మీకు పడదేమో" అంది నెమ్మదిగా.

"పెద్ద లెక్కలోది కాదని నువ్వేగా అన్నావు?" అన్నాడు మేనేజరుగారు.

"పోనీ తెల్ల ఓడ మళ్లీ ఒకసారి చూద్దామా?"

"దాన్లో తెరేగా? తెర ఉంటే ముగ్గురం ఎలా పడుకుంటాం? తలుపున్నది ఇదొక్కటేనని నువ్వేగా చెప్పావు?"

అన్నీ తనే చెప్పింది. ఒక్కటి తప్ప.

"ఆ తలుపు నాకోసం చూశానండీ" అంది ఆవిడ.

"నీకోసమే కదా? నువ్వూ లోపలేగా పడుకునేది?"

"ఒక్కదాన్నే ఉండటానికి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు ఆడపడుచుకి అర్థమైంది. "ఓసినీ! ఆ రాణీవాసం ఇంకా వదల్లేదుటే నిన్ను?" అని పొట్ట పట్టుకుని నవ్వింది. మేనేజరుగారు కూడా నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, చిన్నపిల్ల చందమామ కావాలంటే నవ్వినట్టు నవ్వాడు. బావగారు మొదటిసారి పేపరు దించి ఆవిడ వైపు చూశాడు. ఆవిడకి ఎందుకో ఆయన ఒక మాట అంటాడనిపించింది.

"చక్కెర తక్కువైందమ్మా" అన్నాడాయన.

"అంత ఖర్చు పెట్టి ఓడెక్కి, ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావోయ్?" అని మేనేజరుగారు నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆవిడ ఆలోచించింది. "తెలీదండీ. ఎప్పుడైనా ఉంటే కదా తెలిసేది."

ఇంకెవరూ నవ్వలేదు గానీ, నవ్వు ఇంకా గదిలోనే ఉంది. ఆవిడ చక్కెర డబ్బా తెచ్చి బావగారి ముందు పెట్టింది.

"నేను రాను. మీరిద్దరూ వెళ్లిరండి" అంది.

అని అక్కడే నిలబడింది. నువ్వు రాకపోతే ఎలాగని ఒక్కరు అంటే చాలు, వచ్చేది. సోఫా మీదయినా పడుకునేది, వదినగారి కబుర్లన్నీ వినేది. మేనేజరుగారు అక్క వైపు చూశాడు. అక్క తమ్ముడి వైపు చూసింది.

"అలుగుతావేంటి, ఇంత చిన్నదానికి?" అన్నాడు.

"అలక కాదండీ."

పడగ్గదిలోకి వెళ్లి తలుపు వేసింది. గడియ పెట్టబోతే తుప్పుకి కదల్లేదు. రెండు చేతులతో నెడితే కీచుమని పడింది. ఆ చప్పుడు హాల్లోకి వినబడే ఉంటుంది, మాటలు ఆగిపోయాయి. ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"అలిగింది" అన్నాడు మేనేజరుగారు.

"రేపటికి సర్దుకుంటుందిలే. నేను రాననేదాన్నే, నువ్వు బలవంతపెట్టావు."

"నీదేం తప్పులేదక్కా."

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత ఆడపడుచు గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే వీధిలోకి వినబడదంతే, పక్కగదిలోకి శుభ్రంగా వినబడుతుంది. "ఒకందుకు మంచిదేరా. తను ఇక్కడే ఉంటే మీ బావగారి భోజనానికి దిగులుండదు. ఈయన్ని ఇక్కడ దింపేసి వెళ్దాం."

"అదీ నిజమే."

"నాకు రాత్రికి పలచగా ఏదైనా చాలు" అన్నాడు బావగారు.

కాసేపటికి తలుపు మీద రెండు చిన్న దెబ్బలు పడ్డాయి.

"ఇదిగో."

"ఆఁ."

"అది కాదు. ఇద్దరమే అయితే... నీలం గీతే తీసుకోమంటావా? తెల్ల ఓడకి పేరు బాగా ఉందని అక్క అంటోంది. ఆ స్టీలువాడికి కూడా అది తెలుస్తుంది. ఒకసారి ఆలోచించి చెప్పు."

తెల్ల ఓడ తీసుకోండి అనడానికి నోరు సగం తెరుచుకుంది. నెత్తిమీద తెల్లారకుండానే కుర్చీలు ఈడుస్తారు, అక్కాతమ్ముళ్లకి మధ్య తెర ఊగుతూ ఉంటుంది, పడవలోకి దిగే మెట్ల దగ్గర వదినగారి మోకాళ్లు కేకలు పెడతాయి. పది రోజులూ అదే. ఒక్క మాట అంటే చాలు, నమ్మేస్తారు. ఆవిడ చెప్పింది నమ్మకపోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

"నీలం గీతే తీసుకోండి" అంది. "తెల్ల ఓడ ఒడ్డుకి ఆనదు. పడవలోకి దిగడం వదిన మోకాళ్లతో కాదు. నాలుగు సూట్లలో కుడివైపు వెనకది అడగండి, దానికి గొలుసు కాస్త దూరం."

"కుడివైపు వెనకది" అని ఆయన అవతల గొణుక్కున్నాడు. "మంచిది. తలుపు తీసి చెప్పొచ్చుగా?"

"వినబడిందిగా."

చెప్పులు హాలు వైపు వెళ్లిపోయాయి. ఆవిడ కాళ్లు పైకి తీసుకుని గోడకి ఆనుకుంది. తలుపు మూసి ఉంది, గడియ పడి ఉంది, తోసుకుని వచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఇంతకాలం కావాలనుకున్నది ఇదే. కళ్లు మూసుకుంది. కుర్చీ జరిగింది, అది వదినగారు. పేపరు పేజీ తిరిగింది. కుడివైపు వెనకదంటే సముద్రం ఎటువైపు కనబడుతుందిరా, అని వదినగారు అడుగుతోంది. రెండు వైపులా సముద్రమేనక్కా, అని ఈయన నవ్వుతున్నాడు. ఒక్క మాటా పొల్లు పోకుండా వినబడుతోంది. వినకుండా ఉండటం ఎలాగో ఆవిడకి తెలియడం లేదు.

"అమ్మాయ్!" అని ఆడపడుచు కేకేసింది. "ఈ కాఫీ గ్లాసులు ఎక్కడ పెట్టను?"

"సింకులో పెట్టండి వదినా" అంది ఆవిడ కళ్లు తెరవకుండానే. "నేనొచ్చి కడుగుతాను."